ముసుగు మనిషిని తీసెయ్

చి. సుధీర్‌కు,

నీ నవల ఏకబిగిన చదివాను. చైనా స్పోర్ట్స్ క్యాంపులో రన్నర్ అమ్మాయిలు ముగ్గురు నిద్రలోనే పోవడం, ఇన్‌స్పెక్టర్‌ని క్యాంపు గేటు దగ్గరే గంటసేపు కూర్చోబెట్టడం బాగా కుదిరాయి. ఆ తర్వాత అర్ధరాత్రి గోడ దూకి పాలలో విషం కలిపే ముసుగు మనిషిని దింపావు. కథ అక్కడే చప్పబడింది.

స్పోర్ట్స్ క్యాంపులో గోడ దూకాల్సిన పనేముందయ్యా? ఏం తినాలో, ఏ మాత్ర మింగాలో, ఎన్నింటికి పడుకోవాలో అన్నీ పైవాళ్లే చెప్తారు. విటమిన్ అంటే ఆ పిల్ల నోరెత్తకుండా మింగుతుంది, ఇంజెక్షన్ అంటే చెయ్యి చాపుతుంది. నీ హంతకుడు పగలే, అందరూ చూస్తుండగానే రావచ్చు.

1993 గుర్తు చేసుకో. చైనాలోని లియావోనింగ్ ప్రావిన్స్‌లో ‘మా జున్‌రెన్’ అనే కోచ్ శిష్యురాలు వాంగ్ జున్‌షియా బీజింగ్ జాతీయ క్రీడల్లో 10,000 మీటర్లు 29 నిమిషాల 31.78 సెకన్లలో పరిగెత్తింది. పాత ప్రపంచ రికార్డు కంటే దాదాపు 42 సెకన్లు తక్కువ! తాబేలు రక్తం మహిమ అన్నాడాయన. నిషిద్ధ మందులు బలవంతాన వాడించారంటూ ఆమె, మరో తొమ్మిది మంది సంతకాలతో 1995లో రాసినట్టు చెబుతున్న ఉత్తరం 2016లో గానీ చైనా పత్రికల్లోకి రాలేదు. అలాంటి కాగితం ఒకటి నీ కథలో ఎవరి బీరువాలో ఉందో ఆలోచించు. అయితే ఈ నిజమైన పేర్లేవీ నవలలోకి రానీకు. బతికున్న మనుషుల్ని అనుమానితుల వరసలో నిలబెట్టడం మర్యాద కాదు, కోర్టు గొడవ కూడా.

కథాకాలం 2000కి మార్చు. ఇ.పి.ఓ. అనే నిషిద్ధ మందు ఎర్ర రక్తకణాల్ని పెంచుతుంది, దాంతో పరుగులో దమ్ము పెరుగుతుంది. మోతాదు మించితే రక్తం చిక్కబడి గడ్డలు కట్టే ప్రమాదం. పైగా రన్నర్ల గుండె నిద్రలో బాగా నెమ్మదిగా కొట్టుకుంటుంది. నీ మూడు చావులకూ ఇంతకంటే ఏం కావాలి? దాన్ని పట్టుకునే పరీక్షలు ఒలింపిక్స్‌లో మొదలైంది ఆ ఏడాది సిడ్నీలోనే. ఆటలకు కొద్ది రోజుల ముందు చైనా 27 మంది క్రీడాకారుల్ని జట్టు నుంచి తప్పించింది. ఆ వారాల్లో ఒక క్యాంపులో ఎంత టెన్షన్ ఉంటుందో చూడు: సీసాలు మాయం చేయాలి, రిజిస్టర్లు తిరగరాయాలి, నోరు జారే పిల్లల్ని ఇళ్లకు పంపాలి. పతకాల మీద ప్రమోషన్ పెట్టుకున్న ప్రావిన్స్ అధికారి ఒకడుంటే చాలు, ఎవరినీ చంపాలని ఎవరూ అనుకోకపోయినా మనుషులు చచ్చిపోతారు.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ఎవరు చంపారని కాదు, మొదటి పిల్ల పోయాక కూడా రెండో పిల్లకి ఆ ఇంజెక్షన్ ఎవరు ఇమ్మన్నారని. పోస్ట్‌మార్టం జరగకుండానే గుండెపోటని సంతకం చేసిన క్యాంపు డాక్టర్‌కి నువ్వు రెండే పేజీలు ఇచ్చావు. నాకైతే నవలంతా ఆవిడదే అనిపించింది. ముందు ఆ భాగం రాసి పంపు, క్లైమాక్స్ సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు