ఏడేళ్లుగా ఆచూకీ లేని కొడుకు: పోలీసులు మూసేశామంటే కేసు ముగిసినట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ, కృష్ణలంక. మా అబ్బాయి గుంటూరు శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదివేవాడు. 2018 అక్టోబరులో దసరా సెలవులయ్యాక మా వారు బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కించి వచ్చారు. వాడు హాస్టలుకు చేరలేదని కాలేజీవాళ్లు రెండు రోజుల తర్వాత గానీ చెప్పలేదు. మా వారు ఫిర్యాదు ఇస్తే పోలీసులు ‘బాయ్ మిస్సింగ్’ అని కేసు కట్టారు. కొన్నాళ్లకు ‘కేసు క్లోజ్ అయిందమ్మా’ అన్నారు గానీ చేతికి ఏ కాగితమూ ఇవ్వలేదు. 2023లో మా వారు పోయారు. ఇల్లు ఆయన పేరునే ఉంది. అమ్మాయి పెళ్లికి ఇంటి మీద అప్పు అడిగితే కొడుకు సంతకం కావాలని బ్యాంకులో అన్నారు. ఏడేళ్లు దాటాయి కాబట్టి వాడు చనిపోయినట్టు కోర్టులో రాయించుకోమని బంధువులు చెబుతున్నారు. అలా చేస్తే ఇక వాణ్ణి ఎవరూ వెతకరేమోనని నా భయం. ఈమధ్య వాడి క్లాసు కుర్రాడొకడు కలిసి, సెలవుల ముందు వార్డెన్ కొట్టాడనీ, ఇక తిరిగి రాననీ, బెంగళూరు పోయి ఏదో పని చూసుకుంటాననీ వాడు తనతో అన్నట్టు చెప్పాడు. నన్నేం చేయమంటారు?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేరు వేరు వ్యవహారాలు కలిసిపోయి ఉన్నాయి. అబ్బాయి ఏమయ్యాడో తేల్చవలసింది క్రిమినల్ కేసు. ఇంటి మీద ఎవరికి ఎంత హక్కు ఉందో తేల్చవలసింది సివిల్ కోర్టు. ఆచూకీ లేని మనిషి మరణించినట్టు భావించవచ్చునని సివిల్ కోర్టు డిక్రీ ఇచ్చినంత మాత్రాన పోలీసు దర్యాప్తు రద్దు కాదు, రేపు అబ్బాయి గుమ్మంలోకి వచ్చి నిలబడితే అతని హక్కులూ పోవు. కాబట్టి ఆ భయంతో ఇంటి పని ఆపుకోనక్కరలేదు. అయితే ముందుగా కదపవలసింది మాత్రం క్రిమినల్ కేసునే అని నా అభిప్రాయం. అందుకు కారణం మీ ఉత్తరం చివర ఉన్న ఆ క్లాసు కుర్రాడి మాట.

‘కేసు క్లోజ్ అయింది’ అని స్టేషనులో నోటితో చెప్పిన మాటకు చట్టంలో విలువ లేదు. దర్యాప్తు ముగించిన పోలీసు అధికారి తుది నివేదికను మేజిస్ట్రేటు కోర్టులో దాఖలు చేయాలి. ఆ నివేదికను ఆమోదించాలో తిరస్కరించాలో నిర్ణయించేది మేజిస్ట్రేటే. పైగా, కేసు మూసేయమని కోరే నివేదికను ఆమోదించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి, అతని అభ్యంతరం వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీకు గానీ, బతికి ఉండగా మీ వారికి గానీ అటువంటి నోటీసు అందకపోతే రెండింట ఒకటి జరిగి ఉండాలి. నివేదిక అసలు కోర్టుకు చేరకపోతే కేసు చట్టరీత్యా ఈనాటికీ దర్యాప్తులోనే ఉన్నట్టు. చేరి, మీకు తెలియకుండా ఆమోదం పొందితే ఆ ఆమోదాన్ని ప్రశ్నించే హక్కు మీకు ఉన్నట్టు. ఏది జరిగిందో తెలియాలంటే ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం వేసి, ఆ స్టేషను ఏ మేజిస్ట్రేటు పరిధిలోకి వస్తుందో ఆ కోర్టులో ధ్రువీకరించిన నకళ్ల కోసం దరఖాస్తు పెట్టండి. ఎఫ్‌ఐఆర్, తుది నివేదిక, దానిపై కోర్టు ఉత్తర్వు, ఈ మూడింటి నకళ్లూ అడగండి. ఫిర్యాదు మీ వారి పేరున ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే చట్టంలో ‘బాధితుడు’ అనే నిర్వచనంలోకి సంరక్షకులు కూడా వస్తారు.

ఆ ఎఫ్‌ఐఆర్ చేతికి వచ్చాక మొట్టమొదట చూడవలసింది అబ్బాయి వయసు రాసిన గడి. మన ఇళ్లలో పదిహేను నిండిన పిల్లవాడికి ‘పదహారు నడుస్తోంది’ అంటాం. స్టేషనులో రాసేవారు దాన్ని 16 అని వేసేస్తారు. వాడుకలో పెద్ద తేడా లేదు గానీ చట్టంలో ఉంది. 2018లో అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 361వ సెక్షను ప్రకారం, మగపిల్లవాడికి 16 ఏళ్లు నిండకుండా ఉంటేనే అతణ్ణి సంరక్షకుల నుంచి తప్పించి తీసుకుపోవడం అపహరణ అవుతుంది. ఆడపిల్లకైతే ఆ పరిమితి 18. ఈ వ్యత్యాసం 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పోయింది గానీ, పాత సంఘటనకు పాత చట్టమే వర్తిస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన అబ్బాయికి ఆ అక్టోబరు నాటికి 16 నిండకపోయి ఉండే అవకాశం బాగా ఉంది. పదో తరగతి మార్కుల మెమోలో పుట్టిన తేదీ చూసి లెక్క కట్టండి. నిండలేదని తేలితే ఆ మెమో నకలే మీ పిటిషనుకు పెద్ద బలం. అపహరణకు 363వ సెక్షను కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితి అడ్డు రాదు కనుక ‘ఇన్నేళ్ల తర్వాత ఏం వచ్చారు’ అని ఎవరూ అనలేరు. ఒకవేళ నిండి ఉన్నా దారి మూసుకుపోదు. 18 లోపు పిల్లల ఆచూకీ తెలియదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, వేరే విధంగా రుజువయ్యే వరకు దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు చేయాలని 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నాలుగు నెలల్లో బిడ్డ దొరక్కపోతే మరింత లోతైన దర్యాప్తు కోసం కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపవచ్చునని కూడా అదే ఉత్తర్వులో ఉంది. మీ కేసు అక్కడికి వెళ్లిందా, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు అన్నది మీరు తప్పక అడగవలసిన ప్రశ్న.

ఇక తిరిగి దర్యాప్తు కోరే పిటిషను సంగతి. పాత నేర విచారణ స్మృతి 173(8), కొత్త నాగరిక సురక్షా సంహిత 193(9) సెక్షన్లు తుది నివేదిక తర్వాత కూడా తదుపరి దర్యాప్తుకు వీలు కల్పిస్తున్నాయి. విచారణ మొదలయ్యే వరకు మేజిస్ట్రేటు దాన్ని ఆదేశించవచ్చునని 2019లో వినూభాయ్ మాలవీయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అన్యాయం జరిగిందని ఊరికే రాస్తే పిటిషను నిలవదు. హాస్టలు హాజరు రిజిస్టరును స్వాధీనం చేసుకున్నారా, వార్డెన్ వాంగ్మూలం తీసుకున్నారా, రెండు రోజులు ఎందుకు చెప్పలేదని కాలేజీని అడిగారా, అబ్బాయి దగ్గర ఫోను ఉంటే దాని కాల్ వివరాలు అప్పుడే తెప్పించారా, ఆ రోజుల్లో రైల్వే పోలీసుల వద్దా, కాలువల వెంబడి ఉన్న స్టేషన్లలోనూ నమోదైన గుర్తు తెలియని మృతదేహాల ఫొటోలతో పోల్చి చూశారా, ఇలా చేయని పనులను ఒక్కొక్కటిగా ఎత్తి చూపాలి. ఆఖరిది రాయడానికి మీకు చేయి రాకపోవచ్చు, అయినా రాయించండి. మీ రక్త నమూనాతో డీఎన్‌ఏ వివరాలు తీసి భద్రపరచమని కూడా కోరండి. అప్పట్లో తెప్పించని కాల్ వివరాలు ఇప్పుడు కంపెనీల దగ్గర దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు, సీసీ కెమెరా దృశ్యాల సంగతి చెప్పనే అక్కరలేదు.

అందుకే ఆ క్లాసు కుర్రాడు ముఖ్యం. అతను చెప్పినదాన్ని ఫోనులో రికార్డు చేయడమో, వార్డెన్ పేరు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడమో చేయకండి. అలా చేస్తే వార్డెన్ జాగ్రత్త పడతాడు, కుర్రాడు వెనక్కి తగ్గుతాడు. అతని పేరు, చిరునామా పిటిషనులో ఇచ్చి, వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయించమని కోరడమే మంచి పద్ధతి. అతను చెప్పింది నిజమైతే అబ్బాయి తనంతట తాను వెళ్లి ఉండవచ్చు. అదే జరిగి ఉంటే ఇప్పుడతను మేజరు. పోలీసులు జాడ కనుక్కున్నా బలవంతంగా ఇంటికి తీసుకురాలేరు, క్షేమంగా ఉన్నాడన్న మాటే మీకు చేరవచ్చు. హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ఎదుట హాజరుపరచమని కోరే రిట్ పిటిషను) వేయమని ఎవరైనా సలహా ఇస్తే కూడా ఆలోచించండి. ఎవరో అక్రమంగా నిర్బంధించారన్న ఆధారం ఉన్నప్పుడు ఆ రిట్ పనికొస్తుంది. మీ కేసులో అటువంటిదేదీ ఇంతవరకు లేదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చినా దర్యాప్తు కదలకపోతే అప్పుడు హైకోర్టులో వేరే రిట్ ద్వారా సీఐడీకి అప్పగించమని కోరవచ్చు.

ఇంటి విషయానికి వస్తే, ఏడేళ్లుగా ఒక మనిషి గురించి సహజంగా వినవలసినవారు ఏమీ వినకపోతే, అతను బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అనేవారిదే అవుతుంది. ఇది పాత సాక్ష్యాధారాల చట్టంలో 108వ సెక్షను, కొత్త సాక్ష్య అధినియంలో 111వ సెక్షను. అయితే ఎప్పుడు మరణించాడన్నది ఈ సెక్షను చెప్పదనీ, తేదీ చెప్పేవారే దాన్ని రుజువు చేసుకోవాలనీ 2004లో ఎల్‌ఐసీ, అనురాధ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది మీకు నేరుగా తగిలే విషయం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ వారి ఆస్తికి మీరూ, అమ్మాయీ, అబ్బాయీ సమాన వారసులు (మీ అత్తగారు ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది). అబ్బాయి తండ్రి కంటే ముందే పోయాడనుకుంటే మీ తల్లీకూతుళ్లకు చెరిసగం. తర్వాత పోయాడనుకుంటే అతని మూడో వంతు తల్లిగా మీకే వస్తుంది. మీ ఇద్దరి మధ్య తగవు లేదు కనుక సర్దుకోవచ్చు గానీ, దావాలో మాత్రం ఫలానా తేదీన చనిపోయాడని రాయించకండి. అలా రాస్తే బెంగళూరు వెళ్లి ఉంటాడని క్రిమినల్ పిటిషనులో మీరే చెప్పిన మాటకు మీ చేతి రాతే అడ్డం తగులుతుంది. 2018 అక్టోబరు నుంచి ఎంత వెతికినా ఆచూకీ అందలేదని మాత్రమే రాయాలి. అది నిజమే కదా. ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేర్చాలి కనుక ముందుగా రెండు నెలల నోటీసు అవసరం, పెళ్లి ముహూర్తం దగ్గరపడితే కోర్టు అనుమతితో దాన్ని తప్పించుకునే వీలుంది. ఈలోగా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అబ్బాయి పేరు తీసేయించే ప్రయత్నం చేయవద్దు. ‘ఆచూకీ తెలియదు’ అని రాయిస్తే చాలు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవల కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. ఈ పిటిషను వార్త బయటికి పొక్కాక, ‘మీ అబ్బాయి మా దగ్గరే ఉన్నాడు, డబ్బు పంపండి’ అని ఫోన్లు వచ్చినా ఆశ్చర్యం లేదు. పైసా పంపకుండా ఆ నంబరును దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.