ఖరీదైన బీరులో ఆ ఖరీదు ఎక్కడ ఉంది?

ప్రశ్న: మామూలు లాగర్ బీరుకు అలవాటు పడినవాణ్ణి. ఈమధ్య మిత్రులతో కూర్చున్నప్పుడల్లా వాళ్ళు చిన్న తయారీదారుల క్రాఫ్ట్ బీరే తెప్పిస్తున్నారు. ధర నేను తాగే బీరుకు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు ఉంటోంది. కొన్ని నిజంగా బాగున్నాయి, కొన్నింటిలో చేదు తప్ప మరేమీ కనిపించలేదు. రెండు రకాల్లోనూ నీళ్ళు, బార్లీ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు), ఈస్టే కదా ఉండేది. మరి ఇంత తేడా ఎందుకు? ఆ డబ్బుకు తగినది మనకు దక్కుతోందా, లేక పేరు చూసి ఇస్తున్నామా?

జవాబు: ధర ఎందుకు ఎక్కువ అన్నది ఒక ప్రశ్న, ఆ ధరకు తగినది మనకు దక్కుతోందా అన్నది మరొక ప్రశ్న. తయారీదారుకు లీటరుకు అయిన ఖర్చు నిజంగానే ఎక్కువ కావచ్చు. అంతమాత్రాన తాగేవారికి ఆ మేరకు రుచి పెరిగిందని చెప్పలేం. ఆ ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో, అందులో ఎంత గ్లాసు దాకా వస్తుందో విడదీసి చూడాలి.

పెద్ద బ్రూవరీల్లో, అంటే బీరు కాచే కర్మాగారాల్లో, ఒకే రకం బీరును లక్షల లీటర్ల లెక్కన కాస్తారు కాబట్టి మనిషి శ్రమ లీటరుకు చాలా స్వల్పంగా పడుతుంది. మాల్టు, హాప్స్, సీసాలు, క్యాన్లు టోకున చౌకగా వస్తాయి. చాలా కంపెనీలు బార్లీ మాల్టుతో పాటు బియ్యమో మొక్కజొన్నో వాడతాయి. దానివల్ల బీరు లేత రంగుతో, తేలికగా, సులువుగా గొంతు దిగేలా తయారవుతుంది. కావలసినదానికంటే చిక్కగా కాచి పులియబెట్టి, చివర్లో ఆక్సిజన్ తీసేసిన నీటిని కలిపి అమ్మే గాఢతకు తెచ్చే పద్ధతి కూడా ఉంది. అప్పుడు అదే ట్యాంకు నుంచి ఎక్కువ బీరు వస్తుంది. వీటిలో మోసమేమీ లేదు. పంట ఏడాదికోలా వచ్చినా ప్రతి సీసా ఒకే రుచితో రావడం సామాన్యమైన పని కాదు. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపించడం ఈ నిలకడకు పునాది వేసింది. లేత లాగర్లో చిన్న లోపం కూడా దాగదు కనుక, దాన్ని ఏళ్ళ తరబడి లోపం లేకుండా చేయగలగడాన్ని నేను గౌరవిస్తాను.

చిన్న బ్రూవరీ పరిస్థితి వేరు. మాల్టును మరపట్టడం, వేడి నీటిలో నానబెట్టడం, తీపి రసాన్ని వడకట్టడం, హాప్స్ వేసి కాచడం, చల్లార్చడం, ఆ తరువాత ట్యాంకులు, గొట్టాలు కడిగి శుభ్రం చేయడం: ఈ పనంతా అయిదు వందల లీటర్లకైనా అయిదు వేల లీటర్లకైనా దాదాపు ఒక్కటే. ఇద్దరు ముగ్గురి రోజంతటి కష్టం కొద్ది లీటర్ల మీదే పంచుకోవాలి. దీనికి తోడు పంపిణీదారు, దుకాణదారు, బారు యజమాని తమ లాభాన్ని సాధారణంగా శాతాల్లో వేసుకుంటారు కాబట్టి, ముగ్గురి చేతులు మారుతూ ఒక్కొక్కరి దగ్గర మూడో వంతు పెరిగితే, బ్రూవరీ గడపలో ఒక రూపాయిగా ఉన్న తేడా కొనేవారి దగ్గరకు వచ్చేసరికి రెండు రూపాయలు దాటుతుంది. పన్నును కూడా ధర మీద శాతంగా వేసే చోట అది ఇంకా పెరుగుతుంది. మీరు చెల్లించే అదనపు సొమ్ములో ఈ భాగం చాలా పెద్దది, కానీ దీనికీ రుచికీ సంబంధం లేదు. చిన్నవాళ్ళు నిలబడాలని ఇష్టపూర్వకంగా ఇచ్చేవారు ఇవ్వవచ్చు. అది మంచి కారణమే. అయితే రుచి కోసమే ఇస్తున్నామని అనుకోవడం పొరపాటు.

రుచికి పనికొచ్చే ఖర్చు ప్రధానంగా మూడు చోట్ల పడుతుంది: హాప్స్, మాల్టు, కాలం.

మీరు చేదు గురించి రాశారు కాబట్టి హాప్స్ సంగతి కాస్త వివరంగా చెబుతాను. హాప్స్‌ను రసంలో గంట సేపు మరిగిస్తే వాటిలోని ఆమ్లాలు రూపం మారి చేదును ఇస్తాయి. ఇందుకు కొద్దిపాటి హాప్స్ చాలు. మామూలు లాగర్లో లీటరుకు ఒకటి రెండు గ్రాములకు మించి పడవు. వాసన సంగతి అలా కాదు. పంపరపనస తొక్క, పైన్ చెట్టు జిగురు, పండిన మామిడి గుర్తుకు తెచ్చే ఆ సువాసనలు మరిగితే ఆవిరైపోతాయి. అందుకని పులియడం ముగుస్తున్న దశలో, చల్లని బీరులోనే మళ్ళీ హాప్స్ పోస్తారు. దీన్ని డ్రై హాపింగ్ అంటారు. నొక్కి చేసిన పచ్చటి గుళికలు బీరులో విచ్చుకుని, కొన్ని రోజుల్లో ట్యాంకు అడుగున చిక్కటి బురదలా పేరుకుంటాయి. వాటి సువాసన బీరులోకి దిగుతుంది, కొంత బీరు ఆ బురదలోకి ఇంకిపోతుంది. దాన్ని పారబోయక తప్పదు. మబ్బుగా కనిపించే ఐపీఏల్లో (ఇండియా పేల్ ఏల్, హాప్స్ ఎక్కువ పడే బీరు రకం) లీటరుకు పది గ్రాములు దాటడం మామూలే. పైగా 1972లో అమెరికాలో విడుదలైన క్యాస్కేడ్ అనే హాప్స్ రకం మొదలుకొని ఇలాంటి సువాసన రకాలకు గిరాకీ ఎక్కువ. అంటే బీరులో చేదు తెప్పించడం చౌక, సువాసన నిలపడం ఖరీదు. ఎక్కువ ధర పెట్టి కొన్న ఐపీఏలో చేదు ఒక్కటే మిగిలిందంటే అది సరిగ్గా తయారు కాలేదనో, పాతబడిపోయిందనో అర్థం. మీ నాలుక మిమ్మల్ని మోసం చేయలేదు.

మాల్టు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గాఢమైన, నల్లటి స్టౌట్ బీర్లకు మామూలు బీరుకు పట్టేదానికి రెట్టింపు దాకా మాల్టు పడుతుంది, ఆ చిక్కదనం మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

కాలానికి మాత్రం తగిన గుర్తింపు దొరకడం లేదని నా అభిప్రాయం. ఏల్ రకాలు కొంచెం వెచ్చగా, త్వరగా పులిసి రెండు మూడు వారాల్లో సిద్ధమవుతాయి. 1842లో, నేటి చెక్ రిపబ్లిక్‌లోని ప్ల్‌జెన్ నగరంలో యోజెఫ్ గ్రోల్ కాచిన తొలి పిల్స్‌నర్ బాటలో వచ్చిన లాగర్లు చల్లగా పులిసి, ఆపైన సున్నా డిగ్రీలకు దగ్గరగా వారాల తరబడి ట్యాంకులో కుదురుకోవాలి. రెండే ట్యాంకులున్న చిన్న బ్రూవరీకి ఆరు వారాలు ఒక ట్యాంకును వదులుకోవడమంటే మరో రెండు మూడు కాపులు వదులుకోవడమే. అయినా తాగేవారు దాన్ని ‘ఉత్త లాగరే కదా’ అని తక్కువ చేసి, పళ్ళ గుజ్జో, వెనీలానో, కాఫీయో కలిపిన బీరుకు ఎక్కువ ఇస్తారు. కలిపిన వాసన గొప్పగా ఉన్నంత మాత్రాన కింద ఉన్న బీరు గొప్పదని అనలేం. నేనైతే వాటికి అంత ధర ఇవ్వను. మీకు లాగర్ అలవాటు కనుక, శ్రద్ధగా చేసిన తాజా పిల్స్‌నర్‌తో మొదలుపెట్టండి. మాల్టులోని రొట్టె వాసన, హాప్స్‌లోని పూల వాసన, చివర్లో పొడిగా విడిచే చేదు మీకు తెలిసిన రుచినే పదును పెట్టినట్టు అనిపిస్తాయి. తేడా ఉందో లేదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

కాలం విషయంలో చివరి మెట్టు బ్రస్సెల్స్ పరిసరాల్లో చేసే లాంబిక్ అనే బీరు. చలికాలంలో కాచిన రసాన్ని తెరిచిన తొట్టెలో రాత్రంతా చల్లారనిస్తారు. గాలిలోని, పీపాల చెక్కలోని సూక్ష్మజీవులే దాన్ని నెమ్మదిగా పులియబెడతాయి. ఒకటి, రెండు, మూడేళ్ళ లాంబిక్‌లను కలిపి గ్యూజ్ అనే బీరును తయారుచేస్తారు. మూడేళ్ళు పెట్టుబడి పీపాల్లో కూర్చుంటుంది, ఆవిరయ్యేది ఆవిరవుతుంది, చెడిన పీపాను పారబోయాలి. ఆ పులుపు అందరికీ నచ్చకపోవచ్చు, కానీ దాని ధరలో అన్యాయమేమీ నాకు కనిపించదు.

ఇక పేరు చూసి ఇస్తున్నామా అన్న మీ అనుమానం. అది సహేతుకమే. లియొనార్డ్ లీ, షేన్ ఫ్రెడరిక్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి ఇచ్చారు. ఏం కలిపారో తెలియకుండా తాగినవారిలో చాలామందికి ఆ బీరే నచ్చింది. ముందే చెప్పి ఇచ్చినప్పుడు నచ్చినవారి సంఖ్య తగ్గింది. తాగిన తరువాత చెప్పినా వారి అభిప్రాయం పెద్దగా మారలేదు. ముందుగా తెలిసిన సంగతి నాలుకకు తెలిసే రుచినే మార్చగలదన్నమాట. లేబులు, ధర కూడా అలా ముందుగా తెలిసే సంగతులే. మీరు ఇంట్లో చేయగల పరీక్ష ఒకటి ఉంది: దగ్గరి పోలిక ఉన్న రెండు బీర్లు తీసుకుని, మీరు చూడకుండా మరొకరు మూడు గ్లాసుల్లో పోయాలి, రెండింటిలో ఒకే బీరు ఉండాలి. వేరుగా ఉన్న గ్లాసు ఏదో చెప్పగలగాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక, ఒక్కసారితో ఆపకుండా వేర్వేరు రోజుల్లో చేసి చూడండి. గుర్తుపట్టలేకపోతే ఆ జతలో ఖరీదైనదాన్ని నిశ్చింతగా మానేయవచ్చు.

ప్రశ్న: దుకాణంలో వరుసగా పేర్చిన క్యాన్లను చూస్తే ఏది కొనాలో తోచదు. ధరను బట్టి వెళ్ళవచ్చా?

జవాబు: ధర కంటే ముందు తేదీ చూడండి. క్యాను అడుగునో, సీసా మెడ దగ్గరో తయారైన రోజో, నింపిన రోజో ముద్రించి ఉంటుంది. హాప్స్ సువాసన మీద ఆధారపడిన బీరు చల్లగా ఉంచితే రెండు మూడు నెలలు బాగుంటుంది. వెచ్చని అరలో పెడితే అంతకంటే ముందే వాడిపోతుంది. లోపలికి చేరిన కొద్దిపాటి ఆక్సిజన్ ముందు పండ్ల వాసనను చంపి, ఆ తరువాత తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. వెలుతురు కూడా శత్రువే. పారదర్శకమైన సీసా, ఆకుపచ్చ సీసా దాన్ని ఆపలేవు. హాప్స్ చేదు పదార్థాలు వెలుతురు తగిలి దుర్గంధంగా మారతాయి. గోధుమ రంగు సీసా చాలావరకు కాపాడుతుంది, క్యాను పూర్తిగా కాపాడుతుంది. అందువల్ల ఆరు నెలలుగా వెచ్చటి అరలో ఉన్న పేరున్న ఐపీఏ కంటే, వారం కిందట నింపి ఫ్రిజ్‌లో ఉంచిన అనామకుల ఐపీఏ మంచి కొనుగోలు. గాఢమైన స్టౌట్లకు, గ్యూజ్‌కు ఈ తొందర లేదు. అవి ఏళ్ళు నిలుస్తాయి.

తెచ్చాక గడ్డకట్టేంత చల్లగా తాగకండి. అతి చల్లదనం వాసనను అణచేస్తుంది, మీరు డబ్బు ఇచ్చింది ఆ వాసనకే. గ్లాసులో పోసి నురుగు కాస్త సద్దుమణిగాక ముందు వాసన చూడండి. కరిగిన వెన్న వాసన వస్తే చాలా రకాల్లో అది తయారీ లోపం. బారులో అయితే గొట్టాలు శుభ్రంగా లేకపోయినా అదే వాసనో, పుల్లటి వాసనో రావచ్చు. గొట్టాలను రెండు వారాలకోసారి కడగాలన్నది ఆ వృత్తిలో ఉన్న నియమం. అలాంటి గ్లాసును వెనక్కి ఇవ్వడానికి మొహమాటపడనక్కరలేదు.

ప్రశ్న: పెద్ద కంపెనీలు కొనేసిన బ్రూవరీల బీరును కూడా క్రాఫ్ట్ బీరనే అమ్ముతున్నారు. దానికి ఎక్కువ ధర ఇవ్వడం న్యాయమా?

జవాబు: అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ నిర్వచనం ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ళ లోపు కాచే బ్రూవరీ, క్రాఫ్ట్ బ్రూవర్లు కాని మద్యం కంపెనీలకు అందులో 25 శాతం వాటా లేకపోతేనే క్రాఫ్ట్ కిందికి వస్తుంది. ఒక బ్యారెల్ 117 లీటర్లు కాబట్టి ఈ హద్దు దాదాపు 70 కోట్ల లీటర్లు. చిన్నతనానికి అది చాలా ఉదారమైన కొలత. అందువల్ల ఆ ముద్ర రుచి గురించి మీకు ఏమీ చెప్పదు. షికాగోలోని గూస్ ఐలండ్‌ను 2011లో పెద్ద బీరు కంపెనీ ఆన్‌హైజర్ బుష్ కొన్నంత మాత్రాన మరుసటి రోజు నుంచే బీరు మారిపోదు. మారేది తరువాతి ఏళ్ళలో మాల్టు, హాప్స్, కాలం మీద పెట్టే ఖర్చు తగ్గితేనే. అది నాలుకకు తెలియాలి. చిన్న తయారీదారుకు అండగా ఉండాలని ఎక్కువ ఇచ్చేవారు మాత్రం యజమాని ఎవరో తెలుసుకుని తీరాలి. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ చేతికి వచ్చి క్రాఫ్ట్ బీరు ఉద్యమానికి దారి చూపిన శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 2017లో జపాన్‌కు చెందిన సప్పోరో బీరు కంపెనీ పరమై, 2023లో మూతపడింది. ఇష్టమైన బ్రూవరీ నిలవాలని కోరుకునేవారి ఆందోళన అర్థం లేనిది కాదు.

ప్రశ్న: వడకట్టని బీరు, సహజమైన పదార్థాలు కాబట్టి క్రాఫ్ట్ బీరు ఆరోగ్యానికి మేలని, ఆ ధర అందుకేనని ఒక మిత్రుడి వాదన. నిజమేనా?

జవాబు: ఆ కారణంతో ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. హాని చేసే ఆల్కహాల్ రెండింటిలోనూ ఒక్కటే. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. పైగా క్రాఫ్ట్ బీర్లలో గాఢమైనవి ఎక్కువ. 10 శాతం ఆల్కహాల్ ఉన్న 330 మిల్లీలీటర్ల స్టౌట్ ఒకటి తాగితే 5 శాతం బీరు అంతే పరిమాణమున్న రెండు సీసాలు తాగినట్టే. లేబులు మీద ఆ అంకె చూసుకోండి. అలాంటి సీసాను ఇద్దరు పంచుకోవడం మంచిది; ఖర్చు కూడా ఒక్కొక్కరికి సగమే పడుతుంది.