ఎమర్జెన్సీ కోర్టుల గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం పరిగెడుతోంది, సంతోషం. కానీ మొదటి పేరాలోనే ‘ఎమర్జెన్సీలో కోర్టులు మూతపడ్డాయి’ అన్నావు. ఒక్క కోర్టూ మూతపడలేదురా. జడ్జీలు రోజూలాగే బెంచి ఎక్కారు. వాయిదాలు పడ్డాయి, పొలం గట్ల తగాదాలూ ప్రోనోటు దావాలూ నడుస్తూనే ఉన్నాయి. నువ్వు పట్టుకోవాల్సింది ఆ మామూలుతనాన్ని.

రెండో తప్పు ఇంకా పెద్దది. ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే ‘21వ అధికరణం రద్దు చేశారు’ అన్నావు. 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ప్రకటన వచ్చింది 1975 జూన్ 25 రాత్రి. జూన్ 27న 359 కింద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 14 (సమానత్వం), 21, 22 (అరెస్టయినవాళ్లకి రక్షణలు) అధికరణాలు ఇచ్చిన హక్కుల అమలు కోసం కోర్టుకి వెళ్లే హక్కును అది నిలిపేసింది. హక్కు రాజ్యాంగంలో రాసినట్టే ఉంది, దాన్ని అడగడానికి వెళ్లే దారికి కంప వేశారు. హక్కుకీ దారికీ మధ్య ఉన్న ఈ సందులోనే ఆ తర్వాతి వాదనంతా నడిచింది. మాట్లాడే స్వేచ్ఛ లాంటివి ఇచ్చే 19వ అధికరణం సంగతి వేరు, అప్పట్లో దాని రక్షణ 358 కింద దానంతటదే పక్కకి పోయేది. 358నీ 359నీ కలగలిపేశావంటే, లాయరెవరైనా నీ వ్యాసాన్ని అక్కడే మడిచి పెట్టేస్తాడు.

విచారణ లేకుండా మనిషిని లోపల పెట్టనిచ్చిన మీసా (ఆంతరంగిక భద్రతా చట్టం) గురించి ‘నల్ల చట్టం’ అనేసి ఊరుకున్నావు. ఆ మాటతో పాఠకుడికి ఏం తెలుస్తుంది? కాగితం ఎలా నడిచిందో చూపించు. 1971 నాటి మీసా ప్రకారం మనిషిని పట్టుకున్న ఐదు రోజుల్లో, మరీ తప్పకపోతే పదిహేను రోజుల్లో, కారణాలు రాసి చేతికివ్వాలి. తర్వాత, ఆ నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే అడ్వైజరీ బోర్డు ముందు పెట్టాలి. 1975లో 16ఏ సెక్షన్ చేర్చారు. ఎమర్జెన్సీని సమర్థంగా ఎదుర్కోడానికి ఈ నిర్బంధం అవసరమని అధికారి ఒక డిక్లరేషన్ రాస్తే సరిపోయేది. కారణాలు చెప్పక్కర్లేదు, బోర్డుకి పంపక్కర్లేదు. నాలుగు నెలలకోసారి పునఃపరిశీలన ఉండేది, అదీ లోపల వేసిన ప్రభుత్వమే చేసుకునేది. పట్టుకున్న మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ పడితే జడ్జి మామూలుగా చూసేవి కొన్ని ఉంటాయి: ఉత్తర్వు మీద సంతకం చేసినవాడికి అధికారం ఉందా, పట్టుకున్నది ఉత్తర్వులో పేరున్న మనిషినేనా, కక్షతో చేశారా. కారణాల కాగితమే లేనప్పుడు మూడో ప్రశ్నకి జవాబు దొరకదు. అయినా ఉత్తర్వు చట్టానికి లోబడి ఉందో లేదో చూస్తామని చాలా హైకోర్టులు అన్నాయి. 359 ఉత్తర్వు ఉన్నంతకాలం అలాంటి పిటిషన్ వెయ్యడానికే వీల్లేదంటూ ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. జబల్పూర్ అదనపు జిల్లా మెజిస్ట్రేట్ కేసంటే ఇదే.

వాదనల్లో ఒక ఘట్టం ఉంది, అక్కడ నిదానించు. 21లో స్వేచ్ఛతో పాటు ప్రాణం అన్న మాట కూడా ఉంది కదా, దానికీ మీ వాదన వర్తిస్తుందా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ప్రభుత్వం తరఫున వాదిస్తున్న అటార్నీ జనరల్ నీరేన్ డేని అడిగారు. చట్టవిరుద్ధంగా ప్రాణం తీసినా ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టు చేయగలిగింది లేదన్నది ఆయన జవాబు సారం. దీనికి ‘దారుణం’, ‘ఘోరం’ తగిలించకు. దాని పక్కన 1975 జూలై 25 అనే తేదీ ఒక్కటి పెట్టు. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎన్‌కౌంటర్లో పోయారని పోలీసులు చెప్పిన రోజది. పట్టుకుని కాల్చారని తర్వాత ఆ ఎన్‌కౌంటర్ల మీద విచారణ జరిపిన తార్కుండే కమిటీ తేల్చింది. ఖన్నా అడిగింది ఊహాజనితమైన ప్రశ్న కాదని తెలుగు పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తుంది.

తీర్పు 1976 ఏప్రిల్ 28న వచ్చింది, పిటిషన్ వెయ్యడానికి వీల్లేదని నలుగురు ఒకవైపు, వెయ్యొచ్చని ఖన్నా ఒక్కరు ఒకవైపు. నువ్వు ఖన్నా తీర్పే చదివినట్టున్నావు. మిగతా నాలుగూ చదువు, విసుగొచ్చినా సరే. నిర్బంధితుల పట్ల ప్రభుత్వం చూపే శ్రద్ధ దాదాపు తల్లి చూపే శ్రద్ధ లాంటిదని జస్టిస్ బేగ్ రాశారు. ఇదే మెజారిటీలో ఉన్న భగవతి 1978లో మేనకా గాంధీ కేసులో 21వ అధికరణాన్ని ఎంతో విశాలం చేశారు. దుర్మార్గులని రాసేస్తే పని తేలికవుతుంది గానీ, ఈ మనిషే ఆ సంతకం ఎందుకు పెట్టాడన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

దానికి జవాబులో కొంత 1973 ఏప్రిల్లో ఉంది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చకూడదన్న కేశవానంద భారతి తీర్పు రాగానే ముగ్గురు సీనియర్లను దాటించి ఏ.ఎన్. రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఇంకొంత బదిలీల్లో ఉంది. 1976లో 16 మంది హైకోర్టు జడ్జీలను బదిలీ చేశారు. జడ్జిని తీసెయ్యాలంటే పార్లమెంటు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. 222వ అధికరణం కింద బదిలీకి అప్పట్లో ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి రాష్ట్రపతి ఉత్తర్వు ఇస్తే అయిపోయేది. జీతం తగ్గదు, హోదా తగ్గదు, బయటివాళ్లకి అది శిక్షలా కనపడదు. గుజరాత్ నుంచి జస్టిస్ ఎస్.హెచ్. శేఠ్‌ని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకే పంపారు. (హైదరాబాదుకి రావడం శిక్ష కావడం మనకి కాస్త చిన్నతనమే అనుకో.) ఆయన వచ్చి చేరి, గుజరాత్ హైకోర్టులో రిట్ వేశారు. కేసు సుప్రీంకోర్టులో ఉండగా, ప్రభుత్వం మారాక, వెనక్కి పంపడానికి కేంద్రం ఒప్పుకుంది. ఖన్నాని 1977 జనవరిలో దాటించి బేగ్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే, ఖన్నా రాజీనామా చేశారు.

అంకెల దగ్గర ‘లక్ష మందిని మీసా కింద’ అన్నావు. ఎమర్జెన్సీ అతిక్రమణల మీద విచారించిన షా కమిషన్ లెక్కలో మీసా కింద 34,988 మంది, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మంది. రెండూ వేర్వేరు చట్టాలు, కలపకు.

చివర్లో, గోప్యత ప్రాథమిక హక్కన్న 2017 పుట్టస్వామి తీర్పు మనల్ని కాపాడిందని ముగించావు. జబల్పూర్ తీర్పు తప్పని ఆ తీర్పు చెప్పిన మాట నిజమే. కానీ 359 కింద 20, 21 అధికరణాలను ముట్టుకోకూడదని 1978లో 44వ సవరణే కట్టేసింది. ముందు దాన్ని చెప్పు. ముందస్తు నిర్బంధాన్ని, అంటే విచారణ లేకుండా లోపల పెట్టడాన్ని, అనుమతించే 22వ అధికరణం ఇంకా అలాగే ఉందని కూడా చెప్పు.

ఇంకొకటి. కేరళలో ఇంజనీరింగు విద్యార్థి రాజన్‌ని పోలీసులు 1976 మార్చిలో తీసుకెళ్లారు. తండ్రి హెబియస్ కార్పస్ వేసింది 1977 మార్చిలో, ఎమర్జెన్సీ ఎత్తేశాక. ఆ కేసు వల్ల కొన్ని వారాల్లోనే కరుణాకరన్ ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆ రెండు మార్చిల మధ్య ఏడాదితో నీ వ్యాసం మొదలుపెట్టి చూడు. ‘మూతపడ్డాయి’ అన్న మాట కొట్టేసి రెండో ప్రతి పంపు. శేఠ్ కేసు తీర్పు మాత్రం చదివాకే పంపు.

ఆశీస్సులతో.