ముందు కెమిస్ట్రీ, ఆ తర్వాతే పర్యావరణం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కొబ్బరి తోట మీద బతుకుతున్నాం. తిత్లీ తుఫానులో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నర్సింగులో చేర్పిద్దామని మేం అనుకుంటుంటే తను పర్యావరణ శాస్త్రమే చదువుతానంటోంది. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతో కొన్నాళ్లు డయాలసిస్ చేయించుకుని పోయారు. నీళ్ల వల్లనో మరి దేనివల్లనో తేల్చాలని దాని పట్టుదల. ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా? సోంపేట దగ్గర బీలలో (చిత్తడి నేలలో) థర్మల్ ప్రాజెక్టు మీద జరిగిన గొడవలు కళ్లారా చూసినవాళ్లం, పర్యావరణం అంటే ధర్నాలు, కేసులు అనే భయం మాకుంది. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలి? ఆడపిల్లను ఎంత దూరం పంపాల్సి వస్తుంది?

జవాబు: అయ్యా, గ్రూపు సంగతి ముందు చెప్పేస్తాను. తొందరలో తప్పు జరిగేది అక్కడే. డిగ్రీలో పర్యావరణ శాస్త్రాన్ని మేజర్‌గా తీసుకోవద్దు. కెమిస్ట్రీ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకోండి, మైనర్‌గా (తోడు సబ్జెక్టుగా) బోటనీ గానీ జువాలజీ గానీ పెట్టుకోండి. పర్యావరణ శాస్త్రం పీజీలో చదవనివ్వండి. మీ అమ్మాయికి ఈ మాట రుచించకపోవచ్చు. కారణాలు చదివి వినిపించండి.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు యూపీఎస్సీ ఏయే సబ్జెక్టుల డిగ్రీ అడుగుతుందో చూడండి: పశుసంవర్ధక, పశువైద్య శాస్త్రం, బోటనీ, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథమెటిక్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, జువాలజీ. వీటిలో ఒక్కటైనా ఉండాలి. లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగుల్లో ఏదో ఒక డిగ్రీ కావాలి. అడవిని కాపాడే ఉద్యోగానికే పర్యావరణ శాస్త్రం పేరు ఆ జాబితాలో కనిపించదు. హైస్కూళ్లలోనూ ఆ సబ్జెక్టుకు విడిగా టీచరు పోస్టు లేదు. మన జిల్లాలో ప్రతి ఇంట్లోనూ డీఎస్సీ ఆశ ఒకటి ఉంటుంది కాబట్టి ఆ దారిని ఇప్పుడే మూసుకోవడం ఎందుకు? నీటిని, నేలను పరీక్షించే ల్యాబుల్లో అయితే ముందుగా అడిగేది కెమిస్ట్రీయే. ఇవన్నీ చూశాకే పీజీ దాకా ఆగమంటున్నాను.

ఈ సబ్జెక్టంటే జనంలో చిన్నచూపు ఎందుకుందో కూడా చెప్పాలి. 1991లో ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లోనూ తప్పనిసరిగా బోధించాలంది. ఆ తర్వాత అది ప్రతి డిగ్రీ విద్యార్థీ రాయాల్సిన పేపరైంది. మంచి ఉద్దేశమే, కానీ మన కాలేజీలు దాన్ని పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టే వ్యాసం స్థాయికి దించేశాయి. కాలుష్యం నాలుగు రకాలు, చెట్లు నాటవలెను, అంతటితో సరి. మీ అమ్మాయి కోరుకునే చదువు అది కాదు. అందులో తొంభై పాళ్లు కొలవడమే.

మీ కవిటి, సోంపేట వైపు ఉద్దానం ప్రాంతంలో ఊరూరా కనిపించే కిడ్నీ జబ్బు సంగతే తీసుకుందాం. కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ రుజువుతో తేల్చలేదు. భూగర్భ జలంలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో చెమటోడ్చి తగినన్ని నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు అదేపనిగా మింగడం కూడా అనుమానాల్లో ఉన్నాయి. ఒక్కొక్క అనుమానాన్ని నిలబెట్టడానికి గానీ కొట్టేయడానికి గానీ ఎంత పని ఉందో చూడండి. జబ్బు ఉన్న ఇళ్ల బావులతో పాటు లేని ఇళ్ల బావుల నీళ్లు కూడా పట్టాలి. వేసవిలోనూ వానల తర్వాతా పట్టాలి. లోహాలు చూడాలంటే సీసాను యాసిడ్‌తో కడిగి, పట్టిన నీటిలో కొద్దిగా నైట్రిక్ యాసిడ్ కలపాలి. లేకపోతే లోహం కొంత సీసా గోడలకే అంటుకుపోయి, ల్యాబులో తక్కువగా కనిపిస్తుంది. తాగునీటి ప్రమాణాల్లో సీసం (లెడ్) అనే లోహానికి, ఆర్సెనిక్‌కు ఉన్న హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. కాడ్మియానికి 0.003. అంత చిన్న మోతాదుల దగ్గర చేతి అజాగ్రత్త కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. కెమిస్ట్రీ పట్టుబట్టి చెబుతున్నది ఇందుకే.

కొలిచింది చాలదు, లెక్క కూడా రావాలి. ఒక ఊళ్లో రోగులు ఎక్కువ, ఆ ఊరి నీళ్లలో సిలికా ఎక్కువ అనుకోండి. అంతమాత్రాన సిలికాయే కారణం అనేస్తే శాస్త్రం ఒప్పుకోదు. ఆ ఊళ్లో ఎండలో పనిచేసేవాళ్లు కూడా ఎక్కువేమో. ఏది దేనివల్లనో విడదీసేది స్టాటిస్టిక్స్. బైపీసీ పిల్లలు ఇంటర్‌తోనే లెక్కలకు దండం పెట్టేస్తారు. మీ అమ్మాయి మాత్రం డిగ్రీలో స్టాటిస్టిక్స్ నేర్పే ఏ అవకాశాన్నీ వదులుకోకూడదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ మొదలైంది. అందరికీ ఊరటే. అయితే నీరు మారాక జబ్బు తగ్గుతోందా లేదా అని ఏళ్ల తరబడి లెక్క రాస్తేనే కదా నీటి మీది అనుమానం నిజమో కాదో తెలిసేది! ఆ పని రాబోయే ఇరవై ఏళ్లదీ. దానికి మనుషులు కావాలి.

ఇక బీల మాట. మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను. 2010 జూలై 14న సోంపేట దగ్గర పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. చూసినవాళ్లకు పర్యావరణం అంటే లాఠీలే గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. కానీ అదే జూలై 14న ఢిల్లీలో ఇంకొకటి కూడా జరిగింది. సోంపేట థర్మల్ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. అక్కడి వాదన ప్రధానంగా నేల గురించి. ప్రాజెక్టు కాగితాల్లో ఎందుకూ పనికిరాని భూమిగా కనిపించిన చోటు, నిజానికి చుట్టుపక్కల ఊళ్ల పొలాలకు నీరిచ్చే, చేపలిచ్చే, పక్షులకు తావైన చిత్తడి నేల అని తేలింది.

ఆ కాగితం పేరు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక. 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ఆ నివేదిక తప్పనిసరి. దాని సారాంశం స్థానిక భాషలో ఉండాలి, ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ఆ సభకు కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. నివేదిక రాసేది ఎవరు? మీ అమ్మాయి చదవాలనుకుంటున్న చదువు చదివినవాళ్లే. గాలికి ఒకరు, నీటికి ఒకరు, జీవవైవిధ్యానికి ఒకరు, నేలకు ఒకరు చొప్పున గుర్తింపు పొందిన కన్సల్టెన్సీల్లో నిపుణులుంటారు. దాన్ని చదివి ప్రశ్నించాల్సిన కమిటీలోనూ ఆ చదువువాళ్లే. ఊరివాళ్లకు ‘పదో పేజీలో మన చెరువు లేదు’ అని చూపించగలిగేదీ వాళ్లే. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి బీలలో తిరిగి, నీటిమట్టం కొలిచి, చేపల, పక్షుల జాబితా రాసినవారి నివేదికకూ, ఆఫీసులో కూర్చుని పాత నివేదికలో పేర్లు మార్చినవారి నివేదికకూ మధ్య ఉన్న తేడాకు మీ ప్రాంతం ఎంత మూల్యం చెల్లించిందో మీకు నేను చెప్పనవసరం లేదు.

ధర్నాలకు వెళ్లాలా వద్దా అన్నది మీ అమ్మాయి ఇష్టం. ఈ చదువు మాత్రం ఆమెను ఎక్కువగా కూర్చోబెట్టేది ల్యాబులోనూ, కంప్యూటర్ ముందునూ, నీటి ఒడ్డునూ.

ఉద్యోగాల విషయంలో తీపి మాటలు చెప్పను. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఆ దేవుడికే ఎరుక. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీరు పోస్టులు బీటెక్ వాళ్లవి. సైన్సు వాళ్లకు దారి ల్యాబుల వైపు. నిలకడగా పనిచ్చేది ప్రైవేటు రంగమే. పైడిభీమవరంలోనూ, విశాఖ దగ్గర పరవాడలోనూ మందుల ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి ప్రతి ఫ్యాక్టరీలోనూ భద్రత, పర్యావరణం చూసే విభాగం ఉంటుంది. వ్యర్థ జలాల శుద్ధి, రోజువారీ పరీక్షలు, మండలికి పంపే లెక్కలు వాళ్ల పని. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయిన ఘటన తర్వాత ఆ విభాగం ఎందుకుందో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన అవసరం లేదు. మొదటి జీతం గొప్పగా ఉండదు. షిఫ్టులుంటాయి. యాజమాన్యం సంతకం పెట్టమన్న కాగితంలో అంకెలు సరిగా లేకపోతే ఏం చేయాలనే ఇబ్బంది ఈ ఉద్యోగంలో ఎప్పటికైనా ఎదురవుతుంది, దానికీ సిద్ధపడాలి.

పరిశోధన వైపు వెళ్తే లెక్క వేరు. లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, దానిపై ఇంటి అద్దె అలవెన్సు. గేట్‌లో కూడా 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్ కలిపి ఒక పేపరు పెట్టారు. తాతగారి జబ్బు గురించి తేల్చాలన్న పట్టుదల నిజమైతే ఆమె దారి ఇదే. దీనికి పీజీ తర్వాత మరో ఐదారేళ్లు పడుతుంది. ఇంట్లో ఆ ఓపిక ఉందా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

నర్సింగు కోరిక తప్పేమీ కాదు. నాలుగేళ్లలో చేతికి పని వస్తుంది, మీ ప్రాంతంలోనే డయాలసిస్ కేంద్రాల్లో అవసరమూ ఉంది. ఇంటికి వెంటనే సంపాదన కావాల్సిన పరిస్థితి ఉంటే, నేనూ అదే అంటాను. అయితే ఇష్టం లేని పిల్లను రోగి మంచం పక్కన నిలబెట్టడం రోగికీ మంచిది కాదు.

మధ్యే మార్గం ఒకటుంది. బైపీసీతో ఈఏపీసెట్ రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంటే మన జిల్లాలోనే నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడ సీటొస్తే నేనింతసేపూ చెప్పిన కెమిస్ట్రీ సలహా పక్కన పెట్టేసి అందులో చేర్చండి. నేల, నీరు, పురుగుమందులు అన్నీ ఆ చదువులోనే ఉన్నాయి, ఫారెస్ట్ సర్వీస్‌కూ పనికొస్తుంది, పీజీలో మృత్తికా శాస్త్రం వైపు వెళ్లవచ్చు. ఒక్క షరతు, ర్యాంకు రాలేదని ఏడాది వృథా చేసుకుని లాంగ్ టర్మ్ కోచింగుకు పంపకండి.

పరీక్షలయ్యాక దొరికే సెలవుల్లో ఆమెకు ఒక పని అప్పగించండి. తోటలోని నూతిలో నీరు ఎంత లోతున ఉందో వారానికొకసారి తాడుతో కొలిచి, తేదీతో నోటుపుస్తకంలో రాయమనండి. కేంద్ర భూగర్భ జల మండలి వాళ్లు తమ పరిశీలన బావులను ఏడాదికి నాలుగుసార్లే కొలుస్తారు. వారం వారం రాసిన పుస్తకంలో వాళ్ల లెక్కలకు అందని సంగతులు బయటపడవచ్చు. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు చౌకగా దొరుకుతుంది, ఒకటి కొనిస్తే సముద్రం వైపు బావుల్లో ఉప్పదనం పెరుగుతోందా అన్నదీ చూడవచ్చు. లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ప్రమాణం మించినట్టు, 2000 దాటితే వేరే నీరు ఏదీ లేకపోయినా తాగకూడదు. తొలకరికి ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తలు తినే కొంగల గూళ్లు లెక్కపెట్టినా మంచిదే. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మ్యాపులు గీయడం డిగ్రీలో ఉండగానే నేర్చుకోవాలి. కన్సల్టెన్సీల ఇంటర్వ్యూల్లో సర్టిఫికెట్ల కంటే దీనికే విలువ. ఇంతకీ మూడు నెలలకే ఆ నోటుపుస్తకం విసుగొచ్చి మూలన పడేస్తే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకూ ఆమెకూ లాభం.

దూరం గురించి. డిగ్రీకి జిల్లా దాటనక్కర్లేదు, శ్రీకాకుళంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఐచ్ఛికాలు పెట్టేటప్పుడు కెమిస్ట్రీ మేజర్ ఉన్న కాలేజీలనే ముందు వరుసలో పెట్టండి, భవనం చూసి కాదు, ల్యాబు చూసి. పీజీకి పీజీసెట్ రాసి విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని పర్యావరణ శాస్త్ర విభాగానికి వెళ్లవచ్చు. సోంపేటలో రైలెక్కితే విశాఖ చేరడం పెద్ద పనేమీ కాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాయించండి. ఢిల్లీ జేఎన్‌యూలో సీటొచ్చి వెళ్తానంటే, దూరమనే ఒక్క కారణంతో ఆపకండి.