నల్లమట్టి పెరట్లో నడకదారికి ఏ రాయి మంచిది?

పోరంకిలో కొత్తిల్లు, వంటింటి గుమ్మం నుంచి పెరట్లో తులసికోట దాకా 40 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు దారి, గ్రానైట్ ముక్కలా, పేవర్ బ్లాకులా, కంకరా అని అడిగారు. చివర్లో ‘నేల నల్లమట్టి’ అని ఓ ముక్క కలిపారు చూశారా, ముందు పట్టించుకోవాల్సింది దాన్నే.

మాది గుంటూరు, గోరంట్ల వైపు. అచ్చమైన రేగడి. ఎండాకాలం నెర్రెల్లో అరచెయ్యి దూరిపోతుంది, రెండు వానలు పడితే ఉబ్బి పూడుకుపోతుంది. ఏటా ఊపిరి తీసి వదిలే నేల మీద ఏదైనా బిగించి కూర్చోబెడదామంటే కుదరదు. ఇది తెలుసుకోవడానికి నేను ఒకే దారి మూడుసార్లు వేయించాను.

మొదట సిమెంటు కాంక్రీటు. “మూడంగుళాలు పోస్తే ఏనుగు నడిచినా కదలదండీ” అన్నాడు మేస్త్రి. ఏనుగు రాలేదు గానీ రోహిణి కార్తె వచ్చింది. రెండో ఏడు కల్లా అడ్డంగా నాలుగు చోట్ల చీలింది. ఆ పగుళ్లు కనబడకుండా పైన పార్కింగ్ టైల్స్ అంటించాం. అదింకా తెలివితక్కువ పని. కింది పగులే పైకి పాకింది, సగం టైళ్లు తడితే డొల్లగా మోగేవి. కార్తీకంలో తెల్లవారుజామున అమ్మ తడికాళ్లతో తులసికోట దగ్గరికి వెళ్తూ పాకుడు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ వారమే గడ్డపారలతో మొత్తం పెకలించేశాం.

మూడోసారి వేసింది దళసరి నాపబండలు, సిమెంటు చుక్క లేకుండా. నాలుగేళ్లయింది. బండలు కదలవా అంటే కదులుతాయి. ఏడాదికి రెండో మూడో ఒక మూల కుంగుతాయి. పలుగుతో లేపి, కింద రెండు తట్టల క్రషర్ డస్ట్ (రాళ్లు నలిపిన పొడి) పోసి, మళ్లీ పెట్టేస్తాను. అరగంట పని, మేస్త్రి అక్కర్లేదు. నల్లమట్టిలో నా లెక్క ఇదే: లేపి మళ్లీ వేసుకోగలిగేదే వేయండి.

ఆ లెక్కన పేవర్ బ్లాకులు కూడా తప్పు కాదు. మా బావగారిది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు తీశాక చూస్తే బ్లాకుల కింద ఇసుక కొట్టుకుపోయి దారి పడవలా వంగింది. బ్లాకులకు మాత్రం ఏమీ కాలేదు. కడిగి, డస్ట్ పోసి, వాటితోనే రెండు రోజుల్లో మళ్లీ వేశారు. మనుషులు నడిచే దారికి 60 ఎంఎం మందం చాలు. సందుల్లో తుంగ మొలుస్తుంది, చీమలు ఇసుక పైకి తోడిపోస్తాయి, అది భరించాలి.

కంకర చవక, నీళ్లు నిలవవు. కానీ మీకు వేపచెట్టు ఉందన్నారు. రాలిన ఆకుని కంకరలోంచి చీపురుతో ఊడ్చి చూడండి, తెలుస్తుంది. పైగా కళ్లాపి చల్లి ముగ్గేసే జాగా పోయిందని ఇంట్లో రోజూ మాట పడాలి. గ్రానైట్ ముక్కలు నున్నగా ఉంటే వద్దే వద్దు. నల్లరాయి ఏదైనా, కడప బండతో సహా, మధ్యాహ్నం ఉత్త కాళ్లతో అడుగు పెట్టనివ్వదు. నేను తాండూరు నాపరాయిలో పసుపు రకం తీసుకున్నది అందుకే. అదీ కాలుతుంది, కాకపోతే గెంతుకుంటూనైనా దాటొచ్చు. బేతంచెర్ల రాయీ పనికొస్తుంది. ఏది దొరికినా అంగుళన్నర మందానికి తగ్గొద్దు. ఇంట్లో పరిచే పలకలు ఇసుక మీద వేస్తే విరుగుతాయి.

పని ఇలా చేశాం. ఏడంగుళాలు తవ్వి, నాలుగంగుళాలు గ్రావెల్ (మొరం) పోసి తడిపి దిమ్మిసతో కొట్టాం. దాని మీద రెండంగుళాలు క్రషర్ డస్ట్. మీ 120 చదరపు అడుగులకు గ్రావెల్ 40 ఘనపుటడుగులు, డస్ట్ 20. దిమ్మిస కొడితే అణుగుతాయి, కాస్త ఎక్కువే తెప్పించండి. వెడల్పు మీద ఒక పక్కకి అంగుళం వాటం ఇవ్వండి. ఇల్లున్న వైపుకి మాత్రం కాదు.

ఇక బండకీ బండకీ మధ్య దూరం. మేస్త్రి టేపు తీశాడు. నేను అమ్మని పిలిచి, తడిపిన డస్ట్ మీద ఎప్పటిలా నడవమన్నాను. చేతిలో చెంబుతో, చీర కుచ్చిళ్లు ఓ చేత్తో పట్టుకుని నడిచింది. అడుగు పడ్డచోటల్లా ముగ్గుపిండి చల్లాను. నా అడుగు కంటే మూడోవంతు తక్కువ! ఆ గుర్తుల మీదే బండలు పెట్టి, సందుల్లో గరిక నాటాం.

ఒక్క జాగ్రత్త. పని అయ్యాక మెరుస్తుందని యాసిడ్‌తో కడుగుతామంటారు, ఒప్పుకోవద్దు. పిడుగురాళ్లలో సున్నం కాల్చే రాయీ ఈ నాపరాయీ ఒకే జాతి. యాసిడ్ పడగానే నురగెత్తి పైపొర తినేస్తుంది, తెల్లమచ్చలు ఇక పోవు. మా గుమ్మం దగ్గర ఒక బండ అలాగే పాడైంది.

కొట్లో ముందు పాలిష్ పెట్టినవే చూపిస్తారు. ‘రఫ్’ కావాలనండి. ఒక్కో బండని నిలబెట్టి నాణెంతో కొట్టి చూడండి. టంగుమంటే ఎక్కించుకోండి, డొల్లగా పలికితే లోపల పొర విడినట్టే, పక్కన పెట్టేయండి.