రేసు సీటు కోసం ఇంటిని తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్ దగ్గర సైనిక్‌పురి. నాకు 49 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో మేనేజర్‌గా చేస్తున్నాను. నెలకు రూ.1.60 లక్షలు చేతికి వస్తాయి. నా భార్య టీచర్, జీతం రూ.38 వేలు. ఇంటి ఖర్చు నెలకు రూ.75 వేలు. మా అబ్బాయికి 19. పదకొండో ఏట నుంచి కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పోటీ) చేస్తున్నాడు. నిరుడు ఇక్కడే ఫార్ములా 4లో ఒక సీజన్ నడిపి రెండుసార్లు పోడియం ఎక్కాడు (మొదటి మూడు స్థానాల్లో నిలిచాడు). ఇప్పుడు యూరప్‌లో ఒక ఎఫ్4 టీమ్ సీటు ఇస్తామంటోంది. సీజన్‌కు రూ.2.80 కోట్లు కట్టాలి. తెలిసిన వ్యాపారి ఒకాయన కోటి రూపాయలు స్పాన్సర్ చేస్తానన్నారు. మిగతా రూ.1.80 కోట్లలో ఇంటి మీద లోన్ రూ.80 లక్షలు, పీఎఫ్ నుంచి రూ.30 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు అమ్మితే రూ.20 లక్షలు వస్తాయి. ఇంకో రూ.50 లక్షలు రెండు రూపాయల వడ్డీకి దొరుకుతున్నాయి. పాప ఇంటర్ ఫీజుల కోసం రూ.6 లక్షల ఎఫ్‌డీ ఉంది. నాకు రూ.50 లక్షల టర్మ్ పాలసీ ఉంది. కంపెనీ హెల్త్ పాలసీలో అబ్బాయి పేరు ఉంది. వాడు ఎఫ్1 (ఫార్ములా 1) దాకా వెళితే ఈ అప్పులన్నీ ఒక్క ఏడాదిలో తీరిపోతాయి. ఏ అప్పు ముందు తీసుకోవాలి? ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టమంటున్నారు.

జవాబు: ఏ అప్పు ముందు అని అడిగారు. ఏదీ తీసుకోకండి. అబ్బాయి ప్రతిభ మీద నాకు అనుమానం లేదు. కార్టింగ్ నుంచి ఫార్ములా కారు దాకా వచ్చి పోడియం ఎక్కడం చిన్న విషయం కాదు. అయినా మీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒకటి గమనించాను. ఇంత పెద్ద లెక్కలో ఇంట్లో అత్యవసరానికి దాచిన డబ్బు గురించి ఒక్క ముక్క లేదు. పిల్లల ఆట కోసమో, సినిమా ప్రయత్నం కోసమో, విదేశీ చదువు కోసమో ఇల్లు కుదువ పెట్టే తల్లిదండ్రుల లెక్కల్లో సరిగ్గా ఇదే లోపం చూస్తుంటాను. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నెలసరి లెక్క చూద్దాం. ఇంటి మీద రూ.80 లక్షలు 10 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువుతో తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.86 వేలు. రూ.50 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు లక్ష రూపాయలు. ఏడాదికి 24 శాతం. రెండూ కలిపితే రూ.1.86 లక్షలు. మీ ఇద్దరి జీతాలు కలిపి రూ.1.98 లక్షలు. మిగిలేది రూ.12 వేలు, ఇంటి ఖర్చు రూ.75 వేలు. అంటే మొదటి నెలలోనే రూ.63 వేలు తక్కువ పడుతుంది. పైగా ఆ లక్ష వడ్డీ మాత్రమే, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. 63 వేల లోటు పూడ్చడానికి మూడో నెలలో ఇంకో అప్పు చేస్తారు. నెల జీతం మీద బతికే కుటుంబం రెండు రూపాయల వడ్డీకి అరకోటి తేవడం ఎంత ప్రమాదమో మీకు తెలియంది కాదు. అబ్బాయి మీద ప్రేమతో ఆ సంగతి పక్కన పెట్టేశారు.

ఈ లెక్కలో లేని ఖర్చు ఇంకొకటి ఉంది. చదువు, వైద్యం కాకుండా ఇతర అవసరాలకు విదేశాలకు డబ్బు పంపితే, ఏడాదికి రూ.10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రూ.1.80 కోట్లు మీ ఒక్కరి పేరు మీదే పంపితే అదే రూ.34 లక్షలు. రిటర్న్ వేశాక సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ కట్టే రోజున ఆ రూ.34 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? కారు దెబ్బతింటే బాగుచేసే ఖర్చును జూనియర్ సిరీస్‌లలో చాలా టీమ్‌లు డ్రైవర్ కుటుంబం నుంచే వసూలు చేస్తాయి. అది సీజన్ ఫీజుకు అదనం.

ఇక ‘ఎఫ్1 దాకా వెళితే’ అన్న మాట. మీ ప్లాన్ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. 2025 వరకు ఎఫ్1లో ఉన్నవి 20 సీట్లు, 2026లో పదకొండో టీమ్ రావడంతో 22 అయ్యాయి. ప్రపంచం మొత్తానికీ అంతే. ఎఫ్1 నడపడానికి అవసరమైన సూపర్ లైసెన్స్ కావాలంటే కింది సిరీస్‌లలో తెచ్చుకున్న 40 పాయింట్లు ఉండాలి. ఎఫ్4 చాంపియన్ అయినా 12 పాయింట్లకు మించి రావు. అంటే ఈ రూ.2.80 కోట్లు మొదటి మెట్టుకే సరిపోతాయి. ఆ పైన ఎఫ్3, ఎఫ్2 ఉన్నాయి. ఎఫ్2లో ఒక్క సీజన్‌కే రూ.20 కోట్లు దాటుతుందని ఆ రంగంలో ఉన్నవాళ్లు చెబుతారు. ఇల్లు మొదటి మెట్టుకే పెట్టేస్తే రెండో మెట్టుకు మీ దగ్గర ఏం మిగులుతుంది?

సరే, ఎఫ్1 దాకా వెళ్లాడనే అనుకుందాం. ఆ తర్వాత డబ్బు ఎలా వస్తుందో, ఎలా ఆగిపోతుందో నరైన్ కార్తికేయన్ కెరీర్ చూస్తే తెలుస్తుంది. భారత్ నుంచి ఎఫ్1 నడిపిన తొలి డ్రైవర్ అతను. 2005లో జోర్డాన్ టీమ్‌తో వచ్చాడు. ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో టైర్ల గొడవతో ఆరు కార్లే పోటీ పడిన రేసులో నాలుగో స్థానం, 5 పాయింట్లు సాధించాడు. ఎఫ్1లో పాయింట్లు తెచ్చిన భారతీయుడు ఈ రోజుకీ అతనొక్కడే. ఆ ఘనత తర్వాత కూడా 2006లో అతనికి రేసు సీటు లేదు. విలియమ్స్‌లో టెస్ట్ డ్రైవర్‌గా ఉన్నాడు. ఏ1 గ్రాండ్ ప్రి నడిపాడు. 2010లో అమెరికా వెళ్లి నాస్కార్ ట్రక్కులు నడిపాడు. మళ్లీ ఎఫ్1 సీటు 2011లో వచ్చింది, అంటే మధ్యలో ఐదు సీజన్లు పోయాయి. అలా వచ్చిన హెచ్ఆర్‌టీ టీమ్ సీటు కూడా ఎనిమిది రేసుల తర్వాత డేనియల్ రికియార్డోకు వెళ్లింది. అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి కోసం మళ్లీ కారెక్కించారు. 2012లో పూర్తి సీజన్ నడిపాడు, ఆ ఏడాది చివర్లో టీమే మూతపడింది. 2013లో ఆటో జీపీ రేసులు, 2014 నుంచి జపాన్‌లో సూపర్ ఫార్ములా రేసులు నడిపాడు. అంత ప్రతిభ, అంత పట్టుదల, పైగా టాటా లాంటి పెద్ద సంస్థ అండ ఉన్న మనిషి జీవితంలో ఇన్ని ఖాళీలు వచ్చాయి. ఆ ఖాళీల్లో మీ ఈఎంఐ ఆగదు.

ఎఫ్1 నడిపిన రెండో భారతీయుడు కరుణ్ చందోక్‌దీ అంతే. 2010లో పది రేసులయ్యాక సీజన్ మధ్యలోనే అతని సీటు ఇంకొకరికి ఇచ్చారు. మరుసటి ఏడాది ఒక్క రేసు నడిపాడు. తర్వాత టీవీ వ్యాఖ్యాతగా మంచి పేరు తెచ్చుకున్నాడు. ఈ తరంలో జెహాన్ దారువాలా ఒకప్పుడు రెడ్‌బుల్ జూనియర్ టీమ్‌లో ఉండేవాడు, ఎఫ్2లో రేసులు గెలిచాడు. ఎఫ్1 తలుపు తెరుచుకోలేదు. ఎలక్ట్రిక్ కార్ల సిరీస్ ఫార్ములా ఈలో మసెరాటి టీమ్‌తో 2024లో ఒక సీజన్ దొరికింది, ఆ తర్వాత ఆ సీటు నిలవలేదు. వీళ్లెవరూ ఓడిపోయినవాళ్లు కారు. ఈ వృత్తిలో ఆదాయం వచ్చే తీరే ఇది. డ్రైవర్ తప్పు లేకుండానే, ఒక్క ఫోన్ కాల్‌తో జీతం ఆగిపోతుంది.

అందుకే మామూలు ఉద్యోగి ఇంటికి ఆరు నెలల ఖర్చు దాచుకోమని చెప్పే నేను, రేసర్ ఉన్న ఇంటికి పద్దెనిమిది నెలలు అంటాను. నెలకు రూ.75 వేల చొప్పున రూ.13.50 లక్షలు. ఇది పక్కన పెట్టకుండా ఏ టీమ్‌కూ రూపాయి కట్టకండి. పాప ఫీజుల ఎఫ్‌డీని ఇందులో కలపకండి, అది పాపది. మీ ఫండ్లలో ఉన్న రూ.20 లక్షల నుంచి ఈ రూ.13.50 లక్షలు తీసి, సగం ఎఫ్‌డీలో, సగం లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. ఆ ఖాతా మీ ఇద్దరి పేర్ల మీద ఉండాలి. ఒకరే సంతకం చేసి తీసే వీలు ఉండకూడదు. రేసు ట్రాక్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు, కొత్త టైర్ల సెట్‌కో ఇంకో టెస్ట్ రోజుకో డబ్బు కావాలని అబ్బాయి అడిగితే కాదనడం ఏ తండ్రికైనా కష్టం.

మిగిలిన రూ.6.50 లక్షలు కూడా ప్రస్తుతానికి కదపకండి. కారణం మీ హెల్త్ పాలసీ. అబ్బాయి పేరు ఉంది కాబట్టి ధైర్యంగా ఉన్నారు. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో ఉండే ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడల గురించి. వృత్తిగా అలాంటి క్రీడల్లో పాల్గొని గాయపడితే చికిత్స ఖర్చు ఇవ్వరు. ఆ జాబితాలో మోటార్ రేసింగ్ పేరు స్పష్టంగా ఉంది. ప్రమాద బీమా పాలసీల్లో కూడా రేసింగ్‌ను మినహాయించడం మామూలే. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో ఏముందో హెచ్ఆర్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. నోటితో చెప్పింది క్లెయిమ్ రోజున పనికి రాదు. రేసింగ్ లైసెన్స్‌తో గానీ, నిర్వాహకుల నుంచి గానీ వచ్చే బీమా ఎంత మొత్తానికి, ఏ దేశంలో వర్తిస్తుందో కాగితం తెప్పించుకోండి. జవాబు వచ్చేదాకా ఈ రూ.6.50 లక్షలే మీ అబ్బాయికి బీమా. గాయం అంటే పెద్ద క్రాష్ ఒక్కటే కాదు. 2009లో కార్తికేయన్ లె మాన్స్ 24 గంటల రేసుకు వెళ్లి, స్టార్ట్‌కు ముందు పిట్ గోడ దగ్గర భుజం జారి, రేసులో కారెక్కకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది.

మీ టర్మ్ పాలసీ సంగతి కూడా చూడండి. మీరు తేవాలనుకున్న అప్పు రూ.1.30 కోట్లు, పాలసీ రూ.50 లక్షలు. రేపు మీకేమైనా అయితే మీ భార్య రూ.38 వేల జీతంతో ఏం తీర్చగలరు? అప్పు చేసినా చేయకపోయినా మీ కవర్ కనీసం రూ.1.50 కోట్లకు పెంచుకోండి. అబ్బాయి పేరు మీద టర్మ్ తీసుకుంటే రేసింగ్ సంగతి దరఖాస్తులో దాచకుండా రాయండి, ప్రీమియం ఎక్కువైనా సరే.

స్పాన్సర్ కోటి ఇస్తానన్నారని రాశారు. కాగితం ఉందా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఊరంతా ఎంత సంబరపడిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2024 రేసు తేదీ కూడా ఖరారైంది, నెల ముందు రద్దయింది. సంతకాలు అయిన ఒప్పందమే ఆగిపోయిన చోట, నోటిమాట కోటిని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేయకండి.

అబ్బాయి రేసింగ్ మానేయాలని నేను అనను. మీ ఆదాయంలో ఇంటి ఖర్చు పోగా నెలకు రూ.1.23 లక్షలు మిగులుతోంది, ఏడాదికి దాదాపు రూ.14.75 లక్షలు. అందులో సగం మీ రిటైర్మెంట్‌కు, పాప చదువుకు. మిగతా సగం వాడి రేసింగ్‌కు. ఆ హద్దులో చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌ల మీద ఏ సిరీస్ నడపగలడో చూడండి, తక్కువ పడింది స్పాన్సర్‌తో పూడ్చండి. డిగ్రీ మాత్రం ఆపకండి. కోచింగ్, సిమ్యులేటర్ పని, జీటీ కార్లు కూడా దారులే. పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, పదేళ్లలో మీకు రిటైర్మెంట్ వస్తుంది.

ఈ నెలాఖరుకు అడ్వాన్స్ కట్టకండి. ఒప్పందం కాపీ పంపమని టీమ్‌ను అడిగి, సీజన్ మధ్యలో సీటు తీసేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, కారు దెబ్బతింటే ఎవరు ఎంత వరకు కడతారు అన్న రెండు నిబంధనలు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఈఎంఐ లెక్క కూడా వాడికి చూపించండి. 19 ఏళ్లవాడు, వాడి కోసం ఇల్లు ఏమవుతుందో వాడికి తెలియాలి. రెండు రూపాయల వడ్డీ ఆయనకు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి.