మిగిలిన టేకు ముక్కలతో ఏం చేయించుకోవచ్చు?

ప్రశ్న: మేము కొత్త ఇల్లు కట్టుకున్నాం. ద్వారబంధాలకూ, మంచానికీ తెచ్చిన టేకులో జానెడు నుంచి మూరెడు పొడవున్న ముక్కలు గోనెసంచి నిండా మిగిలాయి. కొంత వేప చెక్క, ప్లైవుడ్ తునకలు కూడా ఉన్నాయి. పొయ్యిలో పెట్టుకోమని వడ్రంగి అన్నాడు గాని నాకు మనసొప్పలేదు. గరిటెలు, పీట, పోపుల పెట్టె చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చేయించుకోవచ్చు. అయితే వస్తువును ముందే అనుకొని దానికి తగిన ముక్క కోసం సంచి వెతక్కండి. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రను, ఉదయగిరి చెంచాలకు చుట్టుపక్కల కొండల్లోని కర్రను ఏరి తెచ్చుకున్నట్టు వస్తువును బట్టి కర్రను ఎంచుకొనే వీలు మీకు లేదు. ఉన్న ముక్కను బట్టే వస్తువును నిర్ణయించుకోవాలి.

ముందుగా ముక్కలను ఎండలో పరచి రంగు చూడండి. టేకులో బంగారు గోధుమ వన్నె గలది చేవ, అంచున పాలిపోయినట్టు ఉండేది తెల్లచెక్క. చెదలకూ పుప్పికీ తట్టుకొనే గుణం చేవకే ఉంటుంది గనుక తెల్లచెక్కను మొహమాటం లేకుండా కోయించి తీసేయండి. ప్లైవుడ్ పొరలను రసాయనాల జిగురుతో అతికిస్తారు కాబట్టి దాన్ని వంటింటి పాత్రల జోలికి తేకుండా తాళాలు తగిలించే పలకకో, అలమరలోని అరకో వాడుకోండి.

గరిటెకు కావలసింది పొడవు కన్నా నార, అంటే చెక్కలో గీతల్లా కనిపించే పీచు సాగే తీరు. కాడ నిడివికి నార సమాంతరంగా సాగితేనే గరిటె నిలుస్తుంది. అడ్డంగా పోయిన చోట, ముఖ్యంగా మెడ దగ్గర, గట్టి ముద్దపప్పు కలిపినా పుటుక్కున విరుగుతుంది. మూరెడు ముక్కల్లో నార తిన్నగా ఉన్నవాటిని అట్లకాడలకూ తెడ్లకూ కేటాయించి, జానెడు ముక్కలతో ఉప్పు చెంచాలు చేయించండి. నన్నడిగితే గరిటెలకు మీ దగ్గరున్న వేప చెక్కనే ముందు వాడి, టేకును పెట్టెకూ పీటకూ దాచుకోమంటాను.

పీట విషయంలో ఒక పొరపాటు నేనే చేశాను. మూడు పలకలను పక్కపక్కన అతికించి, అడుగున రెండు అడ్డకర్రలను ఈ చివర నుంచి ఆ చివర దాకా జిగురు పూసి బిగించాను. వానాకాలం బాగానే గడిచింది; వేసవిలో నట్టనడుమ వేలు దూరేంత పగులు తేలింది. కర్ర నిడివిలో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అడ్డకర్ర దాన్ని కదలనివ్వకపోతే అది చీలక తప్పదు. అందువల్ల అడ్డకర్రను నడుమ మాత్రమే గట్టిగా బిగించి, రెండు కొసల్లో మరమేకులు దిగే రంధ్రాలను కాస్త పొడుగ్గా తొలిపించండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికించబోయే అంచును అప్పటికప్పుడు చిత్రిక పట్టించి వెంటనే జిగురు పూస్తే పట్టు బాగుంటుంది.

పోపుల పెట్టెకు మూత మరీ బిగుతుగా చేయించకండి, శ్రావణంలో అది తెరుచుకోదు.

ప్రశ్న: కొయ్య గరిటెలకు వార్నిష్ వేయాలా, వంటనూనె రాస్తే చాలదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేడి కూరలో తిరిగే గరిటెకు వార్నిష్ వద్దు, పెచ్చులుగా లేచి కూరలో కలుస్తుంది. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె ఆరి గట్టిపడవు, కొన్నాళ్లకు చిక్కు వాసన కొడతాయి. పచ్చి అవిసె నూనె ఆరే రకం. పలుచగా రాసి, గుడ్డతో తుడిచి, కొన్ని వారాలు గాలికి వదిలేయాలి. అయితే రంగుల దుకాణాల్లో ‘కాచిన అవిసె నూనె’ పేరుతో అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి అది వంటింటికి తగదు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకొనే ప్రమాదం ఉంది; విప్పి, దండెం మీద ఆరేయండి.